విద్యార్థులు – మితవ్యయము

మితవ్యయమనగా లోభమని మనవారిలో పెక్కుమంది తలంచుచున్నారు. లోభి ధనమును ప్రేమించి దాచును. మితవ్యయపరుడు తన స్వాతంత్ర్యమును ప్రేమించి దానికొరకు ధనమును కాపాడుకొనును. విద్యార్థి కీ భేదము తెలియుట మిక్కిలి యావశ్యకము. ఏలయన, వాడు వెచ్చించునది వాని యార్జితము గాదు. పొలము కౌలున కిచ్చియో, నగ కుదువబెట్టియో, నెలజీతములో కొంత మిగిల్చియో తలిదండ్రులు పంపిన సొమ్మది.

నిదర్శనమునకు సికింద్రాబాదులోని పద్మారావు నగరును, దాని చెంతనున్న చిలకలగూడను చూతము. పూర్వము ముషీరాబాదు కారాగారముండిన స్థలమునకు 2003లో గాంధీ ఆసుపత్రి తరలివచ్చెను. 2020 ఫిబ్రవరిలో మెట్రో రైలును ఆ వాకిటికే వచ్చెను. జిల్లాలనుండి వచ్చిన విద్యార్థు లిట్టిచోట గదులద్దెకు దీసికొని యుండుట సహజము. మన తాతలనాడు పేదబాలురు వారములు చేసికొని చదువుకొనిరి. ఆదివార మొకయింట, సోమవార మింకొకయింట భోజనము. ఆ యన్నము పుణ్యమే గాని, కులము చూచి వడ్డించిన యన్నము. నేడు నాలుగు కులములవారు నలుగురు ఒక గదిలో ఒక కుక్కరులో వండుకొని తినుచున్నారు. ఉపన్యాసములవలన గాని పని అద్దెభారమువలన నైనదని నేను సంతోషించుచున్నాను.

ఆ కుక్కరే మితవ్యయమునకు మొదటి పాఠశాల. అన్నము గదిలో వండుకొని కూరను మాత్రము కర్రీ పాయింటునుండి తెచ్చుకొనుట ఈ జంటనగరములలోని విద్యార్థు లెఱిగిన యుపాయము. అన్నముతోపాటు అదే కుక్కరులో రెండవ గిన్నెయం దుంచి పప్పునుగూడ నుడికించినచో కొనవలసిన కూర సగమగును. వంతులవారీగా వండినచో కాలమును మిగులును. అయితే ఉదయపు ఫలాహారము మాని, మధ్యాహ్నమున మిరపకాయ బజ్జీలతో కడుపు నింపుకొని, “పొదుపు చేసితి”నని తండ్రికి వ్రాయుట శుద్ధ తెలివితక్కువ. అట్లు మిగిల్చిన సొమ్ము వైద్యునికి జెల్లును. చేతిలో నేమియు లేనినాడు నగరపాలక సంస్థవారు 2014లో ఆరంభించిన ఐదు రూపాయల భోజనశాలలో వరుసను నిలుచుటకు సిగ్గుపడ నక్కరలేదు.

పుస్తకములవిషయమున వ్యయము మఱింత సులభముగా తగ్గును. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయము పద్మారావు నగరునకు దూరము గాదు. పోటీపరీక్షలకు జదువు యువకు లచ్చట అన్నపుడబ్బాలతో వచ్చి ప్రొద్దు గ్రుంకువరకు కూర్చుందురు. గదిలోని పంఖా, దీపముల ఖర్చును ఆమేరకు తగ్గును. 1891లో ఆసఫియా పేర వెలసిన అఫ్జల్‌గంజ్ గ్రంథాలయమును, 1901లో స్థాపితమైన, సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును మన పెద్దలు మనకు విడిచిన యుమ్మడి యాస్తి. దానిని వాడుకొనక ప్రతిగ్రంథమును క్రొత్తగా గొనువాడు, ఇంట బావి యుంచుకొని నీరు కొనువాని వంటివాడు. కొనక తప్పనివి కోఠీలోని పాతపుస్తకముల యంగళ్లలోను, ఆదివారము ఆబిడ్సు కాలిబాటమీదను దొరకును. పరీక్ష ముగిసినపిమ్మట వాని నచ్చటనే యమ్మవచ్చును.

ఇక చిల్లరవ్యయము. దినమునకు ఇరువది రూపాయలు లెక్కకు రాని సొమ్ము. సంవత్సరమునకు అదియే 7,300 రూపాయలు. 2016లో యూపీఐ విధానము వచ్చిననాటినుండి నోటు చేతినుండి జారుటయే తెలియకున్నది. ఫోను చూపితిమి, సొమ్ము పోయినది. కాని ఈ విధానమునం దొక మేలును గలదు. ప్రతి చెల్లింపును ఫోను వ్రాసియుంచును. ఆదివారమునాడు అర్ధగంటసేపు ఆ పట్టికను ముందుంచుకొని భోజనము, ప్రయాణము, చదువు, వ్యర్థము అను నాలుగు శీర్షికల క్రింద నోటుబుక్కులోనికి ఎక్కించుకొనవలయును. నాలుగవ శీర్షికను నిజముగా వ్రాయుటయే కష్టము. తండ్రులు ఆ పుస్తకమును పోలీసువలె తనిఖీ చేయరాదు. చేసిరా, రెండవ నెలనుండి అబద్ధపు లెక్కలే వచ్చును.

మిగిలిన దానిని నెలాఖరున దాచుదమనుకొనువానికి ఎన్నడును మిగులదు. సొమ్ము చేరిననాడే కొంత తీసి వేరుంచవలయును. తపాలా కార్యాలయమున నెలకు నూరు రూపాయలతో రికరింగు డిపాజిట్టు ఆరంభింపవచ్చును. పదియేండ్లు నిండిన పిల్లలు తామే సేవింగ్సు ఖాతాను నడుపుకొనవచ్చునని రిజర్వు బ్యాంకు 2014లోనే తెలిపియున్నది. అయినను మన యిండ్లలో కుమారునకు ఖాతా, కుమార్తెకు “కావలసినప్పు డడుగుమ్మా” యను మాట! తెలంగాణములో 2023 డిసెంబరు 9వ తేదీనుండి స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెసు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెసు బస్సులలో ప్రయాణ ముచితమైనది. ఆ మిగిలిన చార్జీ యెవరి సంచిలోనికి పోవుచున్నదో గృహస్థులు తమ్ము తామే ప్రశ్నించుకొందురు గాక. అది యా బాలిక పేరనే, ఆమె చేతనే జమ కావలయును.

కట్టకడపట ఋణము. న్యాయవాదిని గనుక దీనిగూర్చి కొంచెము గట్టిగా జెప్పుదును. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ననుసరించి మైనరు చేసికొన్న యొడంబడిక చెల్లదని 1903లో మోహరీబీబీ వ్యాజ్యమున ప్రీవీకౌన్సిలు తీర్మానించినది. కాని డిగ్రీ కళాశాలలో చేరునప్పటికో, చేరిన కొలదికాలమునకో మన బాలునకు పదునెనిమిదేండ్లు నిండును. ఆనాటినుండి వాడు వ్రేలితో నొక్కిన సమ్మతి వానిని బంధించును. ఫోను యాపువాడు ఐదువేల యప్పని చెప్పి, రుసుము క్రింద పదునైదువందలు ముందే పట్టుకొని, వారములో ఐదువేలును గట్టుమనినచో, అది వారమునకు నూటికి నలువదిరెండు రూపాయలకు మించిన వడ్డీ. 2020 డిసెంబరులో తెలంగాణమున ఇట్టి యప్పుల వేధింపులకు తాళలేక కొందరు ప్రాణములు దీసికొనిరి. అప్పు మొత్తముమీద పడు వ్యయమంతయు ముందుగానే తెలుపవలెనని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన చేసినది. అట్లు తెలుపని యాపుజోలికి పోరాదు. ఇదివరకే చిక్కుకొన్నవారు బెదరింపు సందేశములను చెరిపివేయక యుంచి, 1930 సంఖ్యకు ఫోనుచేసి ఫిర్యాదు చేయవలయును. అంతకుముందు ఇంటికి ఫోను చేయవలయును, ఆ ఫోను నెత్తిన తండ్రి ఆ రాత్రికి మందలింపును మాని, “ఎంత? ఎవరికి?” అని మాత్రమే యడుగవలయును.