సడలిన మోకాళ్లు

చదువవలసిన భాగములు: 1 రాజులు 18:46 – 19:8, హెబ్రీయులకు 12:1, 12, 13.



తెల్లవారక మునుపే కాలువగట్టున పరుగెత్తువారు నేడు మన గ్రామములలో కొందరు కలరు. పోలీసు ఉద్యోగపు ఎంపికలో 1600 మీటర్ల పరుగు ఉన్నందున యువకులు పరుగెత్తుదురు. చక్కెర వ్యాధియు రక్తపుపోటును అదుపులో నుండుటకై నడివయస్సువారును పరుగెత్తుదురు. ఇది మంచి పనియే. శరీర సాధకమువలన కొంత మేలు కలదని పౌలు తిమోతికి వ్రాసియుండగా (1 తిమోతి 4:8) మనము దానిని తృణీకరింపరాదు.

అయితే అట్టి సహోదరుడొకనికి చికున్‌గున్యా జ్వరము వచ్చినదనుకొనుడి. జ్వరము వారములో విడిచెను గాని కీళ్ల నొప్పులు నెలలకొలది విడువలేదు. నెమ్మదించిన పిమ్మట అతడు మరల గట్టుమీదికి వెళ్లెను. మునుపు 5 కిలోమీటర్లు అవలీలగా పరుగెత్తినవాడు అర కిలోమీటరుకే రొప్పుచు చతికిలబడెను. నలుగురు నవ్వుదురని మరునాడు ఇల్లు కదలలేదు. దేవుడు తన్ను విడిచెనేమోయను తలంపు మెల్లగా లోపల ప్రవేశించెను. ఆదివారము వచ్చినను వెనుక బల్లమీద తలవంచుకొని కూర్చుండుచున్నాడు. ఇట్టివానికి లేఖనము చెప్పునదేమి?

1. గొప్ప పరుగు తరువాత గొప్ప అలసట

ఏలీయా కర్మెలు పర్వతమునుండి యెజ్రెయేలువరకు అహాబు రథమునకు ముందుగా పరుగెత్తెను. అది సుమారు 25 కిలోమీటర్ల దూరము. యెహోవా హస్తము అతని మీద నుండెను గనుక అది సాధ్యమాయెను. అయితే తరువాతి అధ్యాయము తెరచి చూడుడి. యెజెబెలు బెదిరింపునకు పారిపోయి, అరణ్యములో బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చాలునని మరణమును కోరుకొనుచున్నాడు. పరుగెత్తినవాడును కూలినవాడును ఒక్కడే. మొదటి దినమున దేవుడు అతనితో ఉండెను. రెండవ దినమున లేకపోయెనా? కాళ్లలో బలము పోయినంత మాత్రమున దేవుడు పోయెనని తలంచుట పొరపాటు.

2. దేవుడు మొదట ఇచ్చినది రొట్టెయే

ఇచ్చట క్రమమును గమనింపవలెను. దేవదూత వచ్చి ఏలీయాను గద్దింపలేదు, లేచి పరుగెత్తుమనియు చెప్పలేదు. ముట్టి లేపి, రొట్టెయు నీళ్లును చూపెను. అతడు తిని త్రాగి మరల పరుండగా దూత అడ్డు చెప్పలేదు. రెండవసారి లేపి మరల భోజనమే ఇచ్చెను, ముందున్న ప్రయాణము అతని శక్తికి మించినదని దయతో తెలియజేసెను. ఆ తరువాతనే హోరేబు పర్వతమునకు 40 దినముల ప్రయాణము. అక్కడనే దేవుని ప్రశ్న. నిద్రయు ఆహారమును విశ్వాసమునకు శత్రువులు కావు. రోగము తీరినవాడు విశ్రమించినయెడల అతనిని సోమరియని పిలువకుడి.

3. కుంటికాలు బెణకకుండునట్లు

సడలిన మోకాళ్లను బలపరచుకొనుమని హెబ్రీ పత్రిక చెప్పి, అంతటితో ఊరకుండలేదు. కుంటికాలు ఇంకను బెణకక స్వస్థపడునట్లు త్రోవలను చదును చేసికొనుమని కూడ చెప్పుచున్నది. ఎంత అనుభవముగల మాట!

పరుగు మానిన రెండు మూడు వారములలోనే శరీరమందలి రక్తపు పరిమాణము కొంత తగ్గును. గుండె ఒక్కొక్క దెబ్బకు పంపు రక్తమును తగ్గును. కాబట్టి మునుపటి వేగముననే పరుగెత్తినయెడల గుండె మరింత త్వరగా కొట్టుకొని ఆయాసము పుట్టును. ఇది శాపము కాదు, సృష్టికర్త నియమించిన దేహధర్మము. సాధకము చేయగా ఓపిక మరల వచ్చును. అయితే ఊపిరి ముందుగా కుదుటపడును; కండలను ఎముకలకు బంధించు స్నాయువులు ఆలస్యముగా బలపడును. ఊపిరి వచ్చినదిగదాయని తొందరపడువాడు అందుచేతనే మరల కుంటుపడును.

కావున మొదట కొన్ని దినములు నడువుడి. పిమ్మట ఒక నిమిషము పరుగెత్తి రెండు నిమిషములు నడువుడి. దినము విడిచి దినము చేయుడి. నొప్పి పెరిగినయెడల ఆగుడి. చక్కెర వ్యాధి, రక్తపుపోటు గలవారు వైద్యుని అడిగి ఆరంభింపవలెను. రొమ్ములో నొప్పి వచ్చినయెడల ప్రార్థించుచునే వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను.

4. తిరిగి రాని బలము

స్కాట్లాండువాడైన ఎరిక్ లిడెల్ 1923 జూలైలో స్టోక్ పట్టణమున 440 గజముల పందెము ఆరంభముననే ఇంకొకనికి తగిలి పడిపోయెను. లేచి, అందరికంటె వెనుకబడినను, గెలిచెను. 1924లో పారిసు ఒలింపిక్సులో 400 మీటర్లను 47.6 సెకనులలో ముగించి బంగారు పతకము పొందెను. 1925లో మిషనెరీగా చైనాకు వెళ్లెను. యుద్ధకాలమున 1943లో జపానువారు ఆయనను వెయ్‌షియెన్ నిర్బంధ శిబిరములో ఉంచిరి. అక్కడ మెదడులోని కణితివలన ఆ బలము క్షీణించెను. ఈసారి అది తిరిగి రాలేదు. ఆ దినములలో ఆయన తన పాత పరుగు జోళ్లను స్టీఫెన్ మెట్‌కాఫ్ అను యువకునికి ఇచ్చి, 1945 ఫిబ్రవరి 21న ప్రభువునందు నిద్రించెను. ఆ యువకుడు తరువాత ఆ జపాను దేశమునకే మిషనెరీగా వెళ్లెను.

పడిపోయి లేచి గెలుచుట ఒక విధమైన కృప. లేవలేని దినమున చేతనున్నది మరియొకరికి ఇచ్చుట ఇంకొక విధమైన కృప. మనకు ఏది నియమింపబడినదో దేవుడెరుగును. కొరింథుకు సమీపమున జరిగిన పందెములలో గెలిచినవానికి దొరకిన ఆకుల కిరీటము వాడిపోవునదే. నిన్నటి మన బలమును అట్టిదే. మన యెదుట నున్న పందెములో మనము చూడవలసినది నిన్నటి మనలను కాదు, యేసును (హెబ్రీ. 12:2).

సంఘమునకు ఒక మాట. వెనుక బల్లమీద తలవంచుకొన్న సహోదరుని ఈ వారము దర్శించుడి. బోధ మొదలుపెట్టకమునుపు అతనితో కూర్చుండి భోజనము చేయుడి. సాధ్యమైనయెడల మరునాటి ఉదయము అతనితోకూడ గట్టుమీద నడువుడి, అతని అడుగును బట్టియే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దేవదూత ఏలీయాను మాటలతో గాక ఆహారముతో మొదట ఆదరించుటకు కారణమేమి?
2. మన సంఘములో బలము కోల్పోయి దూరమైనవారెవరు?
3. నా చేతనున్న దేనిని నేను మరియొకరికి ఇయ్యగలను?

ప్రార్థన: అలసినవారిని ఎరిగిన తండ్రీ, మా బలము తగ్గిన దినమున నీ సన్నిధి తగ్గలేదని మాకు నేర్పుము. లేవవలసిన వేళ లేపుము, విశ్రమింపవలసిన వేళ ఊరకుండ నేర్పుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.