తరచుగా ఆగిపోవు కంప్యూటరు



హారిసన్‌లోని మన తెలుగు తరగతి కంప్యూటరు ఈ వేసవిలో పదేపదే ఆగిపోయిన సంగతి మీకు తెలియును. మీ అవ్వలు, తాతలు చెప్పిన కథల రికార్డులన్నియు అందులోనే యున్నవి. అందుచేత మరమ్మతునకు ముందే ఆ ఫైళ్లను వేరొక డిస్కులోనికి నకలు తీసితిమి. మీ ఇంటిలోనైనను మొదట చేయవలసిన పని ఇదియే.

మా తాతగారు రబ్బరు తోటలో పాలు తీయు కూలి. ఒక చెట్టు పాలు తగ్గినచో ఆకు, బెరడు, వేరు వరుసగా చూచి గాని కారణము చెప్పెడివారు కారు. మనమును అట్లే వరుసగా వెదకుదము.

ముందుగా, ఆగిన ప్రతిసారి వేళను, అప్పుడు చేయుచున్న పనిని, తెరపై కనబడిన మాటలను నోటుపుస్తకములో వ్రాయుడు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున మార్క్ 2 అను కంప్యూటరు రిలేలో ఒక రెక్కల పురుగు చిక్కుకొనెను. అచటి పనివారు దానిని పుస్తకములో అంటించి, వేళతో సహా వ్రాసి పెట్టిరి. అందువలననే ఆ సంగతి నేటికిని మనకు తెలిసినది.

ఇక కారణములు.

1. వేడి: ఆటలు, వీడియోలు నడచునప్పుడే ఆగినచో వేడిని అనుమానింపవలెను. మిక్కిలి వేడెక్కిన ప్రాసెసరు చెడిపోకుండుటకై కంప్యూటరు తనంతట తానే ఆగును. ఫ్యానులో దుమ్ము నిండినచో వేడి బయటికి పోదు. గదియు వేడిగా నున్నచో మరింత కష్టము. మన కాన్‌బెర్రాలో 2020 జనవరి 4న ఉష్ణోగ్రత 44 డిగ్రీలకు చేరినది గదా!

2. మెమరీ: ఏ పని చేయుచున్నను, వేళాపాళా లేక నీలితెర కనబడినచో మెమరీని పరీక్షింపవలెను. రెండు మెమరీ పలకలున్నచో, పెద్దలు ఒకదానిని తీసి, మిగిలినదానితో నడపి చూడవచ్చును.

3. విద్యుత్తు: ఏ మాటయు చూపక తటాలున ఆరిపోయినచో మొదట ప్లగ్గును, తీగను చూడుడు. గోడలోని 230 వోల్టుల విద్యుత్తును పవర్ సప్లై 12, 5, 3.3 వోల్టులుగా మార్చును. ఆ పెట్టెను ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మట కూడ అందులో విద్యుత్తు నిలిచియుండును.

ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. రెండు మార్పులు కలిపి చేసినచో, దేనివలన బాగుపడెనో తెలియదు.

మన నోటుపుస్తకములో కంప్యూటరు ఆరుసార్లు ఆగినట్లు వ్రాసియున్నది. ఆరుసార్లును వీడియో నడచుచుండెను. ప్లగ్గు తీసి, మూత తెరచి చూడగా ఫ్యాను రెక్కలపై దట్టముగా దుమ్ము పేరుకొనియుండెను. మెత్తని కుంచెతో దులిపితిమి. నాటినుండి నాలుగు వారములుగా అది ఆగలేదు. అయినను నోటుపుస్తకమును మూయలేదు.

ప్రశ్నలు

1. మరమ్మతునకు ముందు నకలు ఏల తీయవలెను?
2. వీడియో నడచునప్పుడే కంప్యూటరు ఆగినచో మీరు మొదట దేనిని అనుమానింతురు? ఎందుచేత?
3. ఒక్కసారి ఒక్క మార్పే ఏల చేయవలెను? మీ ఇంటి వస్తువు నొకదానిని ఉదాహరణముగా తీసికొని ఐదు వాక్యములు వ్రాయుడు.