నగరమున శీఘ్రయాన మార్గనిర్మాణము

విద్యార్థులారా! సిర్గాపూరునుండి బస్సులో బయలుదేరి నారాయణఖేడు, సంగారెడ్డి, పటాన్‌చెరువుల మీదుగా హైదరాబాదునకు పోవువారికి ఒక విషయము అనుభవమే. పల్లెదారిలో వడిగా సాగిన బండి నగరము సమీపించినకొలది నత్తనడక నడచును. మిగిలిన దూరము స్వల్పమే యైనను దానికి పట్టు కాలము విస్తారము. ఈ విపరీతమునకు కారణమేమి? దానిని తొలగించుటకు జరిగిన యత్నమెట్టిది? ఈ వ్యాసమున సంగ్రహముగా విచారింతము.

1901వ సంవత్సరపు జనాభా లెక్కలలో హైదరాబాదు నగరవాసులు సుమారు 4½ లక్షలు. 1932లో నిజాము ప్రభుత్వము 27 బస్సులతో ప్రజారవాణా నారంభించెను. 2011 నాటికి నగరపు ఎల్లలు మిక్కిలి విస్తరించి, నగరపాలక సంస్థ పరిధిలోని జనము 67 లక్షలు దాటెను. జనము పదునైదు రెట్లయినను పాత వీథులు పదునైదు రెట్లు వెడల్పు కాజాలవు గదా!

ఇచట చిన్న లెక్క వేయుదము. ఒక గంటలో 20,000 మందిని ఒకే దిక్కునకు చేర్చవలెననుకొనుడు. బస్సునకు 60 మంది చొప్పున 334 బస్సులు కావలెను. అనగా పదునొకండు సెకండ్లలోపుగా ఒక్కొక్క బస్సు కదలవలెను. వానిలో ఒకటి చెడి నిలిచినచో వెనుకనున్నవన్నియు నిలిచిపోవును. మూడు పెట్టెల మెట్రో బండిలో సుమారు 1,000 మంది పట్టుదురు. మూడు నిమిషముల కొకటి చొప్పున గంటకు 20 బండ్లు నడపిన ఆ పని నెఱవేరును. రెండు నిమిషముల కొకటి నడపిన 30,000 మంది పోవచ్చును. పెట్టెలు ఆఱు చేసిన 60,000 మంది పోవచ్చును. కావున ప్రణాళిక వేయువారికి దినమంతటి మొత్తము కంటె, మిక్కిలి రద్దీగల గంటలో ఒక్క దిక్కునకు పోవువారి సంఖ్యయే ముఖ్యము.

పిమ్మట మార్గ మెచట నుండవలెనను ప్రశ్న వచ్చును. లండను నగరమున 1863లోనే భూమి క్రింద రైలు నడచెను. మన దేశమున కలకత్తాలో 1984లోను, ఢిల్లీలో 2002లోను మెట్రో బండ్లు ఆరంభమైనవి. సొరంగమునకు వ్యయము మిక్కుటము. నేలపై వేసిన పట్టాలు వీథులను అడ్డగించును. అందుచేత హైదరాబాదున వీథి నడుమ స్తంభములు నిలిపి, వానిపై వంతెనవలె మార్గమును నిర్మించిరి. స్టేషనులు దగ్గఱ దగ్గఱగా నున్న నడిచి చేరుట సులభము, కాని బండి మాటిమాటికి నిలిచి మందగించును. దూరముగా నున్న బండి వడిగా పోవును, కాని ప్రయాణికులు ఎక్కువ నడువవలెను. మియాపూరు – ఎల్.బి. నగరు మార్గమున 29 కిలోమీటర్లలో 27 స్టేషనులు కలవు.

ధనమును గూర్చిన చిక్కులును తక్కువ కాలేదు. 2008లో తొలుత ఎన్నికయిన సంస్థతో చేసికొన్న ఒడంబడిక 2009లో రద్దయ్యెను. 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టి సంస్థతో క్రొత్త ఒడంబడిక కుదిరెను. 2017 నవంబరు 28న మియాపూరు – నాగోలు మార్గము ప్రారంభమయ్యెను. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్సు స్టేషను – మహాత్మాగాంధీ బస్సు స్టేషను మార్గము ప్రారంభమగుటతో మొత్తము సుమారు 69 కిలోమీటర్లు పూర్తియైనవి.

ఐనను మొదటి ప్రణాళికలో ఈ చివరి మార్గము ఫలక్‌నుమా వఱకు పోవలసియుండెను. పాతనగరమున వీథులు ఇఱుకు. ఇండ్లు, దుకాణములు, ప్రార్థనాలయములు మార్గమునకు చేరువగా నుండుటచే ఆ భాగము ఆగిపోయెను. దానికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగెను. పటముపై గీత గీయుట నిమిషము పని. ఆ గీత ఎవని యింటి గోడమీదుగా పోవునో వాని కది బ్రతుకుతెరువు ప్రశ్న. అట్లని గీత గీయకున్నచో, ఆ ప్రాంతపు కూలివాడును విద్యార్థియు రోజునకు రెండు గంటలు త్రోవలోనే పోగొట్టుకొందురు. ఈ రెండు నష్టములను న్యాయముగా తూచుటయే ప్రణాళికలో కష్టమైన భాగము. లెక్కలు దానికి సాయపడునే గాని తీర్పు చెప్పజాలవు.

మన ప్రాంతమువారికి మియాపూరు స్టేషనే నగరద్వారము. అచట దిగి మెట్రో నెక్కినవాడు వీథి రద్దీతో నిమిత్తము లేక నగరము నడిబొడ్డునకు చేరగలడు. మియాపూరునుండి పటాన్‌చెరువు వఱకు 13.4 కిలోమీటర్లు పొడిగించు మార్గమును 2024లో రాష్ట్ర ప్రభుత్వము రెండవ దశ ప్రతిపాదనలలో చేర్చినది. అట్టి మార్గము మనకు మేలు చేయవలెనన్న, పల్లెబస్సు స్టేషను వాకిటనే నిలువవలెను. రెండింటి వేళలు పొందికగా నుండవలెను. ఛార్జీ పేదవాని కందుబాటులో నుండవలెను. చివరి మైలు నడువలేని ముసలమ్మకు వేగముగల రైలు వలన ప్రయోజనమేమి?

విద్యార్థులారా! ఒక ఉదయము మన ఊరి బస్సు ఆగుచోట నిలిచి, ఎందఱు ఏ వేళకు ఎచటికి పోవుచున్నారో, ఎంతసేపు వేచియున్నారో వ్రాసికొనుడు. పిదప పటము గీసి, ఏ వేళకు ఎన్ని బస్సులు కావలెనో లెక్కింపుడు. మహానగరపు ప్రణాళికయు ఇట్లు మనుష్యులను లెక్కించుటతోనే ఆరంభమగును. రేపు మీలో నెవరైన ఇంజనీరులై పటముపై గీత గీయవలసివచ్చినప్పుడు, ఆ ఉదయము మీరు చూచిన ముఖములను జ్ఞప్తియందుంచుకొందురు గాక!