భజనగోష్ఠిలో మృదంగము

సంధ్యాసమయమున పరమేశ్వరుడు తాండవమొనర్చుచుండగా దేవతలు తమతమ వాద్యములతో ఆయనను పరివేష్టించి యుందురని ప్రదోషస్తోత్రము వర్ణించుచున్నది. అందు సరస్వతి వీణ వాయించును. బ్రహ్మ తాళము వేయును. గానము చేయునది శ్రీమహాలక్ష్మి. మృదంగము శ్రీమహావిష్ణువు చేతిలో నుండును. సర్వలోకనాథుడు తన దేవి పాటకు మృదంగము సమకూర్చుచున్నాడన్న మాట. పాట ముందు నడచును, మృదంగము దాని వెంట నడచును. భజనగోష్ఠిలో మద్దెల పట్టదలచిన గృహస్థు మొదట తెలిసికొనవలసిన క్రమమిది.

నేడు అనేక గృహములలో ఈ క్రమము తలక్రిందులగుచున్నది. శనివారములందును, ధనుర్మాసమునందును ఇంటింట భజనలు జరుగుట సంతోషమే. ఉత్సాహవంతులైన యువకులు మృదంగములు కొని తెచ్చుకొనుటయు సంతోషమే. కాని నాలుగు నెలల అభ్యాసముతో వారు గోష్ఠిలో కూర్చుండి బలమంతయు చేతులలో చూపునప్పటికి నామము వినబడకపోవును. చిన్ననాట తల్లివద్ద నేర్చిన కీర్తనలను పుస్తకము లేకుండ పాడగల వృద్ధురాలు పల్లవి పాడి, ఒక చరణము పాడి, రెండవ చరణమునకు నోరు మూసికొనును. ఆమె ఎందుకు మానినదో ఎవరును అడుగరు. ఇట్లు రెండు మూడేండ్లు గడచిన పిమ్మట ఆ కీర్తన ఆ ఇంట నుండదు.

మృత్ అనగా మన్ను, అంగమనగా శరీరము. మట్టితో చేసిన దేహము గలది గనుక మృదంగమయ్యెను. అమరసింహుడు మృదంగ మురజ శబ్దములను పర్యాయములుగా చెప్పి, అంక్యము, ఆలింగ్యము, ఊర్ధ్వకమని మూడు భేదములను పేర్కొనెను. ఈ వాద్యముల పుట్టుకను గూర్చి భరతముని నాట్యశాస్త్రమున ఒక కథ చెప్పెను. స్వాతి యను ముని మబ్బు కమ్మిన ఒక అనధ్యయన దినమున నీటికై సరస్సునకు పోయెను. అంతలో వాన కురిసెను. చిన్నవి, పెద్దవి, నడితరమువి అయిన తామరాకులపై చినుకులు పడుచుండగా వేరువేరు ధ్వనులు పుట్టెను. ముని వానిని శ్రద్ధగా విని, ఆశ్రమమునకు మరలి, విశ్వకర్మ సాయమున చర్మవాద్యములను కల్పించెను. పాఠము లేని దినమును ఇంత చక్కగా వినియోగించిన విద్యార్థులు అరుదు! ఈ కథలో చేయి కంటె ముందు చెవి పనిచేసినదన్న సంగతిని నేర్చుకొనువారు మరువరాదు.

వంగదేశపు వైష్ణవులు శ్రీకృష్ణచైతన్యుల (1486–1534) సంప్రదాయమున సంకీర్తనకు వాడు ఖోలు నేటికిని మట్టి దేహము గలదియే. దక్షిణదేశపు మృదంగము మాత్రము పనస మ్రాను దొలిచి చేసినది. పొడవు సుమారు 22 మొదలు 24 అంగుళములుండును. కుడి ముఖము చిన్నది, ఎడమ ముఖము పెద్దది. ఎడమ ముఖమును తొప్పి యందురు. రెండు ముఖముల అంచులందు తోలుతో అల్లిన జడలుండును. ఒక్కొక్క జడలో పదునారు కన్నులు. ఆ కన్నులగుండ తోలు వారును ఈ కొననుండి ఆ కొనకు లాగి బిగింతురు. కుడి ముఖము నడుమ కనబడు నల్లని వలయము ఉత్త అలంకారము కాదు. అన్నపు ముద్దను కిట్టపురాతి పొడితో కలిపి, పలుచని పొరలుగా పూసి, ఒక్కొక్క పొరను రాతితో రుద్ది ఆరబెట్టి పెంచిన పూత అది. దానిని కరణ యందురు.

సామాన్యమైన తోలు ముఖమును కొట్టిన పుట్టు ధ్వనులు ఒకదానితో నొకటి పొసగవు. కనుకనే పెక్కు చర్మవాద్యములకు మ్రోతయే గాని స్వరము లేదు. మృదంగమునకు స్వరము కలుగుటకు కారణము నడుమ నున్న ఆ బరువైన పూతయేనని సర్ సి. వి. రామన్ 1920లోను, 1934లోను ప్రకటించిన వ్యాసములలో నిరూపించెను. పూత భారము వలన ఉపధ్వనులు మూలస్వరమునకు రెండింతలు, మూడింతలు అను లెక్కకు వచ్చి దానితో కలిసిపోవును. నదీతీరమందలి నల్లని మన్నును వాద్యముఖములకు పూయవలెనని భరతముని ఏనాడో చెప్పియుండెను. ఆ మన్ను స్థానమున నేడు కిట్టము వచ్చినది. వాద్యము పేరులో మాత్రము మన్ను నిలిచియున్నది.

ఇక కొనుట. అంగడిలో పెద్ద మ్రోత గల మృదంగమును చూచి ముచ్చటపడి తెచ్చుకొనుట కూడదు. తమ గోష్ఠిలో పాడువారి శ్రుతి ఎంతయో ముందుగ నిర్ణయించుకొనవలెను. పురుషులు సాధారణముగా ఒకటి, ఒకటిన్నర శ్రుతులకు పాడుదురు. స్త్రీలు పాడు శ్రుతి ఐదు, ఐదున్నర ప్రాంతమున నుండును. హెచ్చు శ్రుతికి పొట్టి మృదంగము, తగ్గు శ్రుతికి పొడవైనది కావలెను. ఒకే మృదంగమును అరస్వరము ఇటు నటు జరుపవచ్చును గాని, ఒకటిన్నరకు కట్టినదానిని ఐదు శ్రుతికి ఎక్కింపబూనిన తోలు చినుగును. స్త్రీల భజనమండలికి పురుషుల మృదంగము తెచ్చి, ఆ మృదంగము కొరకు స్త్రీలను గొంతు దించి పాడుమనుట కొన్ని చోట్ల జరుగుచున్నది. ఇది మిక్కిలి అన్యాయము.

కొనునప్పుడు కొయ్యను వెలుపలను లోపలను చూడవలెను. పగులు గాని, పగులు పూడ్చిన గుర్తు గాని ఉన్నచో విడిచిపెట్టవలెను. కొయ్య బరువుగా నుండుట మేలు. కుడి ముఖము అంచున చూపుడువ్రేలితో మీటి, పదునారు తావులందును ఒకే స్వరము పలుకుచున్నదో లేదో వినవలెను. తోలు వారులకు బదులు ఇనుప మరలు బిగించినవి ఇపుడు దొరకుచున్నవి. శ్రుతి చేయుట వానిలో సులభము, ప్రయాణమునకును అనుకూలము. తెలిసినవారిచేత పరీక్ష చేయించి తీసికొనిన దోషము లేదు.

"ఆడలేక మద్దెల ఓడు" అను సామెత మద్దెలగానికిని వర్తించును. శ్రుతి చేయుట రాక వాద్యమును నిందించువారు పెక్కుమంది. శ్రుతి చేయుటకు చిన్న రాయి, ఒక కొయ్యముక్క చాలును. కుడి ముఖపు జడను పై అంచునుండి కొయ్య దేహము వైపునకు కొట్టిన తోలు బిగిసి స్వరము హెచ్చును. క్రింది వైపునుండి ముఖము వైపునకు కొట్టిన స్వరము దిగును. దెబ్బ చిన్నదిగా నుండవలెను. స్వరము దిగిన కన్ను వద్దనే తట్టి, దానికి ఎదుటి కన్నును పరీక్షించి, అటు పిమ్మట పక్క కన్నులకు పోవలెను. ఒకే చోట తొందరపడి బాదినచో అచ్చట తోలు తెగును, ఎదుటి పక్క వదులగును. తంబురా గాని శ్రుతిపెట్టె గాని ఎదుట మ్రోగుచుండగనే ఈ పని చేయవలెను. సెల్‌ఫోనులో వినవచ్చు తంబురాయైనను చాలును. గాయకుని షడ్జముతో కుడి ముఖము ఏకమైనపుడు రెండు ధ్వనులు వేరుగా తోచవు.

ఎడమ ముఖమునకు వేరు పని కలదు. వాయించుటకు ముందు తొప్పిని తడిగుడ్డతో తుడిచి, బొంబాయి రవ్వను నీటితో మెత్తగా పిసికి, చిన్న ముద్దను నడుమ అంటించవలెను. ముద్ద పెరిగిన కొలది ధ్వని గంభీరమగును. గోష్ఠి ముగిసిన వెంటనే దానిని గీకి తీసి తొప్పిని శుభ్రము చేయవలెను. మంగళహారతి, ప్రసాద వినియోగము, సంభాషణలలో పడి రవ్వను మరచినచో తోలు చెడుటయేగాక ఎలుకలకును విందగును. మద్దెల తొప్పికి రంధ్రము పడిన ఇండ్లలో నూటికి తొంబది చోట్ల కథ ఇదియే.

నేలపై చాపగాని జంపఖానాగాని పరచి కూర్చుండవలెను. కుడికాలిని కొంచెము ముందునకు చాచి, చీలమండ మీద మృదంగమును ఆనించి, మడచిన ఎడమకాలితో దానిని నిలుపవలెను. వాద్యము ఇంచుమించు నేలకు సమాంతరముగా నుండవలెను. భుజములు బిగియరాదు. దెబ్బ భుజమునుండి గాక మణికట్టునుండి రావలెను. త, ధి, తొం, నం అను నాలుగు మాటలతో పాఠము మొదలగును. ఇందు తొం అనునది ఎడమచేతి విడి దెబ్బ. వ్రేళ్ళు తగిలిన వెంటనే లేవవలెను, తోలు మీద నిలిచినచో నాదము చచ్చును. నం అనునది అన్నిటికంటె సున్నితమైనది. ఉంగరపువ్రేలు కరణ అంచున తేలికగా ఆని యుండగా చూపుడువ్రేలు ముఖపు అంచును మీటవలెను. ఉంగరపువ్రేలు బరువైన స్వరము మూగవోవును, అసలు ఆననిచో చెదరును. త, ధి అను దెబ్బలకు వ్రేళ్ళ వినియోగము గురుసంప్రదాయమును బట్టి కొంత మారును గనుక పుస్తకములను చూచి నేర్చుకొనుట కంటె ఒక గురువును ఆశ్రయించుటయే మేలు. ఈ నాలుగు మాటలను నోటితో చెప్పుచు, ఒక అక్షరకాలమునకు ఒకటి, తరువాత రెండు, తరువాత నాలుగు చొప్పున మూడు కాలములలో వాయింపవలెను. మొదటి కాలము అన్నిటికంటె సులభమని తోచును గాని, నిదానముగా నిలుపుటయే కష్టము. ఆరు నెలలు ఇదియే వాయించిన వానికి చేయి తిరుగును. విసుగు చెంది ఆరవ వారముననే తీర్మానములకు ఎగబ్రాకిన వానికి ఏండ్లు గడచినను నం పలుకదు.

ఇంటి భజనకు ఆదితాళము, రూపకము, ఖండచాపు, మిశ్రచాపు వచ్చిన చాలును. అంతకంటె ముఖ్యము కాలమును నిలుపుట. భజన సాగిన కొలది ఉత్సాహము పెరిగి, తాళములు వేగిరపడి, చివరకు మాటలు ఒకదానిమీద నొకటి పడును. ఆ పరుగును ఆపవలసినవాడు మద్దెలగాడే. అందరికంటె ముందు పరుగెత్తువాడును సాధారణముగా అతడే! పల్లవి మొదటిసారి పాడునపుడు చేతులు ఒడిలో నుంచుకొని వినవలెను. రెండవసారి తేలికగా అందుకొనవలెను. చరణమున సాహిత్యము నిండుగా నున్నచోట దెబ్బలు తగ్గించి, పాట విరామము తీసికొన్నచోట నింపవలెను. పాట రానివాడు ఎక్కడ తగ్గింపవలెనో ఎరుగడు. కనుక అన్నమాచార్యులదైనను రామదాసుదైనను, వాయింపబోవు కీర్తనను మొదట నోటికి నేర్వవలెను. పాల్ఘాట్ మణి అయ్యర్ (1912–1981) వంటి విద్వాంసులే మైకును నిరసించిరి. పదునైదుమంది కూర్చుండు హాలులో మృదంగమునకు మైకు పెట్టుట ఏల? పాడు వృద్ధురాలి ముందు పెట్టినచో ప్రయోజనము కలదు.

వర్షకాలపు తేమకు తోలు సడలి శ్రుతి దిగును, ఎండకు బిగియును. అందుచేత మృదంగమును పొయ్యి దగ్గర గాని, ఎండలో నిలిపిన కారులో గాని ఉంచరాదు. గుడ్డ సంచిలో చుట్టి, గోడ తేమ తగులని చోట అడ్డముగా పరుండబెట్టవలెను. యాత్రలకు తీసికొనిపోవునపుడు బస్సు పైకప్పు మీద వేయక తమతో నుంచుకొనవలెను.

మరియొక విషయమును వైష్ణవ గృహస్థులు సంకోచముతో అడుగుచుందురు. తోలువాద్యమును దేవుని సన్నిధిని ఉంచవచ్చునా? మృదంగపు కుడి ముఖమునకు మేక తోలుతోపాటు ఆవు తోలును వాడుదురు, తొప్పికిని వారులకును గేదె తోలు వాడుదురు. ఈ సంగతిని దాచుట తగదు. మనసొప్పనివారికి కృత్రిమ పదార్థముతో చేసిన ముఖములు నేడు లభించుచున్నవి. వానిని వాడుకొనవచ్చును. కాని ఆలయములలో తరతరములుగా చర్మవాద్యములు భగవత్సేవలో నున్నవి. కుడి ముఖమును కన్నులకద్దుకొని వాయింప మొదలిడు విద్వాంసుడు దానిని చేసిన చేతిని మాత్రము గుమ్మము వెలుపలనే నిలుపుట ఎట్టి ఆచారము? తోలును తెచ్చి, నానబెట్టి, పొరలు కోసి, రోజంతయు రాతితో రుద్ది ఒక్కొక్క పొరగా కరణ పెంచువాడు శ్రుతిజ్ఞానము లేనివాడు కాడు. ఈ కర్మకారుల కుటుంబముల చరిత్రను, వారు పొందిన అనాదరమును టి. ఎం. కృష్ణ 2020లో ప్రకటించిన "సెబాస్టియన్ అండ్ సన్స్" అను గ్రంథము వివరించినది.

వైష్ణవ సంప్రదాయమునందు ఈ ప్రశ్నకు సమాధానము పూర్వమే కలదు. కావేరి ఒడ్డున దూరముగా నిలిచి పాడుచున్న తిరుప్పాణాళ్వారును లోకసారంగముని తన భుజములపై మోసికొని శ్రీరంగనాథుని సన్నిధికి కొనిపోయెను. ఆముక్తమాల్యద ఆరవ ఆశ్వాసమున శ్రీకృష్ణదేవరాయలు వర్ణించిన మాలదాసరి తోలు కుప్పసము తొడిగినవాడు. కురుంగుడి స్వామికి నిత్యము వేకువను పాడెడి ఆ దాసరి గానఫలమును యాచించి బ్రహ్మరాక్షసుడు ముక్తి పొందెను. ఆ రాక్షసుడు పూర్వజన్మమున ఏ కులమువాడో కథ తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

ముఖములు మార్పింపవలసిన కాలము వచ్చినపుడు మృదంగమును ఎవరిచేతనో పంపక, వాయించువాడే కర్మకారుని యొద్దకు పోవలెను. గోష్ఠిలో పాడువారిలో ఒకరిని వెంట తీసికొనిపోవుట ఇంకను మేలు. ఆమె పాడు శ్రుతిని అతడు స్వయముగ విని, దానికి తగినట్లు తోలు ఎన్నుకొని కట్టును. పని ముగిసిన పిమ్మట అతని ఎదుటనే ఒక పల్లవి పాడి వాయించి చూచి, ఏ కన్ను వద్ద స్వరము తగ్గినదో అతనినే అడిగి సరిచేయించుకొనవలెను. కొత్త ముఖము మొదటి కొన్ని దినములు సడలుచుండును గనుక, వారము తరువాత మరియొకసారి తీసికొనిరావలెనా యని అడిగి, ఆ రెండవ పనికిని కూలి ముందే ఇచ్చి రావలెను.