చేమంతి కుటుంబపు పుష్పశీర్షములు

బంతిపూవునుండి వాడిన రేకు నొకదానిని పెరికి చూడుడు. దాని మొదట నల్లని సూదివంటి గింజ యుండును. మందారపు రేకు క్రింద గింజ యుండునా? ఉండదు. కావున బంతిలో మనము రేకనుకొనునది రేకు కాదు. తన గింజను తానే కట్టుకొను ఒక చిన్నపూవు. అట్టి పూవు లనేకము ఒకే పీఠముపై కూర్చుండి, చుట్టును ఆకుపచ్చని పుచ్ఛములచే కాపాడబడుచు, ఒక్క పూవువలె కనబడుచున్నవి. దీనిని శాస్త్రజ్ఞులు శీర్షవద్విన్యాసమందురు. మనము పుష్పశీర్షమందము.

ఈ కుటుంబమున 30,000కు పైగా జాతులు కలవు. భావనపాడు రైతులు వీనిని చూచుటకు దూరము పోనక్కరలేదు. గట్టుమీది గడ్డిచేమంతిని కోసి, గోటితో నిలువుగా చీల్చుడు. అంచున నాలుగైదు వెడల్పైన పూవులు, ఒక్కొక్కదాని కొనకు మూడు నొక్కులు. ఇవి కిరణ పుష్పకములు. నడుమ గొట్టములవంటివి బింబ పుష్పకములు. సముద్రపు టిసుకమీద ప్రాకి, త్రుంచినచో పాలు కారు పసుపుపూల మొక్కలో గొట్టపు పూవులే లేవు, అన్నియు పట్టీలవంటివే. కోతలైన వరిమళ్లలో మొలచు బోడసరమునందలి ఊదారంగు ఉండయో, పెక్కు శీర్షములు చేరిన శీర్షము!

ఈ పరిశీలన వినోదమునకు మాత్రమే కాదు. పొద్దుతిరుగుడునందు అంచున నున్న పసుపు పూవులు గొడ్డువి. తేనెటీగలను పిలుచుటే వాని పని. గింజ కట్టునవి నడిమి పూవులు. అవి వెలుపలి వలయమునుండి లోపలికి వరుసగా విచ్చుటకు వారము, పది దినములు పట్టును. ప్రతి చిన్నపూవును మొదట పుప్పొడి విడిచి, పిమ్మట కీలాగ్రమును చాచును. ఆ సమయమున ఇతర పూవుల పుప్పొడిని తెచ్చు తేనెటీగ రానిచో తాలుగింజలు పెరుగును. కావున పూతలోనున్న చేనిపై పురుగుమందు చల్లరాదు. తేనెటీగలు తక్కువగా నున్నచో, ఉదయము 9 మొదలు 11 గంటలలోపల చేతికి మెత్తని బట్ట చుట్టుకొని శీర్షములను మెల్లగా రుద్దవలెను. వలయము లన్నియు ఒకేనాడు విచ్చవు గనుక ఒక్కసారి రుద్ది ఊరకుండుట చాలదు. దినము విడిచి దినము రుద్దవలెనని మేము రైతులకు మరల మరల చెప్పుచుందుము.

ఇక వయ్యారిభామ. 1955లో పుణె పరిసరములలో గుర్తింపబడి, పిమ్మట దేశమంతట వ్యాపించిన ఈ కలుపు కూడ ఈ కుటుంబముదే. దాని శీర్షము మిక్కిలి చిన్నది. అంచున అయిదే కిరణ పుష్పకములు, గింజ కట్టునవి ఆ అయిదే. అయిదు గింజలేగదా యని తేలికగా తలంపరాదు. ఒక్క మొక్కకు శీర్షములు వేలు. గింజలు 15,000 మొదలు 25,000 వరకు నుండవచ్చును. దీని పుప్పొడి కొందరికి ఉబ్బసమును, మొక్క తాకిడి దురదను కలిగించును. పూతకు ముందే, నేల తడిగా నున్నపుడు, చేతులకు తొడుగులు వేసికొని వేళ్లతో పెరకవలెను. పూయని మొక్కలను ఎరువుగుంటలో వేయవచ్చును, పూచినవానిని వేయరాదు. ఒకరి గట్టు శుభ్రమై ప్రక్కవారి గట్టు పూచినచో శ్రమ వృథా. సంఘ సభ్యులందరు ఒకే దినమును నిర్ణయించుకొని దిగుట మేలు.

పశువుల తోకలకు అంటుకొను మరులమాతంగి ముండ్లకాయను కూడ చీల్చి చూడుడు. లోపల రెండు గింజలుండును. సాధారణముగా ఒకటి ముందు మొలచును. రెండవది నిదానించి, ఒక్కొక్కప్పుడు మరుసటి యేట మొలచును. కావున ఈ యేడు పెరికిన చోటునే వచ్చే తొలకరికి మరల చూడవలెను.