ఆడినవాడే ఆడించినవాడైతే - రహీం సాబ్ జీవితం చెప్పే పాఠం



గోల్ కొట్టిన ఆటగాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది. అతణ్ణి తీర్చిదిద్దిన గురువు పేరు అడిగితే చాలామంది తల గోక్కుంటారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశ పురుషుల జట్టు ఇంతవరకు రెండేసార్లు బంగారు పతకం గెలిచింది. మొదటిది 1951లో ఢిల్లీలో, రెండవది 1962లో జకార్తాలో. ఆ రెండుసార్లూ జట్టును నడిపింది ఒక్కరే. ఆయన మన హైదరాబాదుకు చెందిన బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లందరికీ ఆయన రహీం సాబ్.

ఆటగాడు, ఉపాధ్యాయుడు, శిక్షకుడు

రహీం 1909లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న రోజుల్లో ఆ జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. చదువు ముగిశాక హైదరాబాదు పాఠశాలల్లో ఉపాధ్యాయునిగా పనిచేశారు. వ్యాయామ విద్యలో కూడా శిక్షణ పొందారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలుచుకుంది. ఇంగ్లండులో ఇలా జట్టును ఎంపిక చేసి, నేర్పి, నడిపించే వ్యక్తిని మేనేజర్ అంటారు. మన దగ్గర ఆ పనంతా ఒక పంతులుగారు చేశారు.

బలహీనతకే సాధన

రహీం సాబ్ శిక్షణ పద్ధతి మనలాంటి విద్యార్థులు శ్రద్ధగా గమనించదగినది. మనలో లెక్కలు రానివాడు చదువుకునే వేళ మళ్లీ తెలుగు పుస్తకమే తీస్తాడు. వచ్చిన పాఠం చదువుతుంటే హాయిగా ఉంటుంది కదా! ఆటలోనూ అంతే. కుడికాలి వాటం గలవాడు ఎప్పుడూ కుడికాలితోనే తంతాడు. రహీం సాబ్ మాత్రం వాటం లేని కాలితోనే ఆడాలనే నియమంతో పోటీలు పెట్టేవారు. బంతిని ఒక్కసారి తాకి వెంటనే తోటివాడికి అందించాలనే నియమంతో మరికొన్ని జరిపేవారు. ఒక్కడే బంతిని నడిపించుకుపోయే డ్రిబ్లింగ్‌ను నిషేధించి కొన్ని ఆడించేవారు. ఇలా ఒక్కో పోటీ ఒక్కో లోపాన్ని సరిచేసే పాఠం అయ్యేది.

ఓటమిని కూడా ఆయన పాఠంగానే తీసుకున్నారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడింది. మనవాళ్లలో ఎక్కువమంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ తరువాత మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లు గడిచాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే గురువు నడిపిన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, చివరకు నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకుమించిన స్థానం ఎన్నడూ పొందలేదు.

అమ్ముగూడ కుర్రవాడి సైకిలు

మన మారేడ్‌పల్లికి కొద్ది మైళ్ల దూరంలోనే అమ్ముగూడ ఉంది. తులసీదాస్ బలరాం అక్కడి పేద కుటుంబంలో పుట్టాడు. సికింద్రాబాద్ మైదానాల్లో ఆడుతున్న ఆ కుర్రవాడి ఆట రహీం సాబ్ కంటపడింది. హైదరాబాదు వచ్చి శిక్షణలో చేరమన్నారు. ఆట ఉంది, ఆశ ఉంది, రోజూ అంతదూరం వచ్చిపోవడానికి డబ్బు లేదు. ఆ సంగతి విన్న రహీం సాబ్ అద్దె సైకిలుకు డబ్బులు తానే ఇచ్చారు.

తరువాత జరిగింది చూడండి. బలరాం 1956, 1960 ఒలింపిక్స్ జట్లలో ఉన్నాడు. 1960లో రోమ్‌లో బలమైన హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ చేశాడు. కలకత్తా వెళ్లి 1961లో ఈస్ట్ బెంగాల్ జట్టుకు నాయకుడయ్యాడు. 2023లో ఆయన మరణించినప్పుడు దేశమంతా ఆయనను గొప్ప ఆటగాడిగా తలచుకుంది. ఆ సైకిలు అద్దె ఎవరూ ఇవ్వకపోయి ఉంటే? అమ్ముగూడలో బాగా ఆడే కుర్రవాడొకడు ఉండేవాడు, అంతే.

చివరి విజయం

1962లో జకార్తాలో మొదటి మ్యాచ్‌లోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. తలకు గాయమై కుట్లు పడిన బ్యాక్ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ ఇంటికి పంపలేదు, ఫార్వర్డ్‌గా మార్చారు. జర్నైల్ సెమీఫైనల్‌లో ఒక గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట మళ్లీ దక్షిణ కొరియాయే. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని ఒక భారత ప్రతినిధి తప్పుపట్టినందుకు, దాదాపు లక్షమంది ప్రేక్షకులు మనవాళ్లకు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి గోల్స్ చేయగా మన జట్టు 2-1తో గెలిచింది. ఆనాడు గోల్ కాసిన పీటర్ తంగరాజ్, ముందు వరుసలో ఆడిన బలరాం ఇద్దరూ మన హైదరాబాదు గడ్డ బిడ్డలే.

సుమారు తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

మనం గ్రహించవలసినది

మన హాస్టల్‌లో ఒకడికి పరుగు వచ్చు, ఒకడికి బొమ్మలు వచ్చు, ఒకడు లెక్క చూడగానే జవాబు చెబుతాడు. వాళ్లు ఆగిపోయేది తరచుగా బస్సు చార్జీ దగ్గరో, దరఖాస్తు రుసుము దగ్గరో, మంచి బూట్లు లేకనో! చదువుకుంటున్న తమ్ముళ్లు రాని పాఠాన్నే ముందు పట్టుకోవాలి, అవసరం ఉన్నప్పుడు సిగ్గుపడకుండా చెప్పాలి. బలరాం తన ఇబ్బంది చెప్పాడు కనుకనే గురువుకు తెలిసింది.

ఇక ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు వేదిక మీద మాట్లాడి వెళ్లిపోకుండా, ఒక్క పూట మా గదుల్లో కూర్చోండి. ఏ కుర్రవాడికి ఏ సైకిలు తక్కువైందో అడగండి.