పాత ఫోనులో మిగిలిందేమిటో చూడు

గుంటూరు

చి॥ బుజ్జికి,

 

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు, ధరలు చూశాను. ఒకటి ఐఫోన్ 11, ఇంకొకటి శాంసంగ్ గెలాక్సీ ఎస్20 ఎఫ్ఈ 5జీ. రెండూ సెకండ్ హ్యాండే, రెంటికీ దాదాపు ఒకే ధర చెబుతున్నారు, ఏది తీసుకోమంటావు మామయ్యా అని అడిగావు. ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. అలా చెబితే రేపు ఇంకో ఫోను కొనేటప్పుడూ నన్నే అడగాల్సి వస్తుంది. అందుకని తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

కొత్త ఫోను కొనేవాడు కంపెనీ చెప్పిన గుణాలు చూసి కొంటాడు. పాత ఫోను కొనేవాడు ఆ గుణాల్లో ఇంకా ఎన్ని మిగిలున్నాయో చూసి కొనాలి. సంతలో ఎద్దును కొనే రైతు ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు కదా, అలాగన్నమాట. నువ్వు యూట్యూబులో చూసిన పోలికలన్నీ ఆ ఫోన్లు కొత్తగా ఉన్నప్పుడు చేసినవి. అప్పటి గెలుపోటములు ఇప్పుడు నీకు పనికిరావు.

వచ్చినప్పుడు రెండూ మంచి ఫోన్లే. ఐఫోన్ 11 మన దేశంలోకి 2019 సెప్టెంబరులో వచ్చింది. 64 జీబీది అప్పట్లో 64,900 రూపాయలు. ఈ శాంసంగ్ 2021 మార్చిలో వచ్చింది, 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీతో 55,999 రూపాయలు. దాంట్లో ఆపిల్ వాళ్ళ ఏ13 చిప్పు, దీంట్లో స్నాప్‌డ్రాగన్ 865. రెండూ 7 నానోమీటర్ల చిప్పులే, ఇవాళ్టికీ నీ పనులకు రెండూ చాలు. స్పీడు గురించి మీ హాస్టల్ కుర్రాళ్ళు చేసే వాదన పక్కన పెట్టెయ్.

గుణాలు వరసగా రాసుకుంటే శాంసంగ్ జాబితానే పొడుగు. తెర 6.5 అంగుళాల అమోలెడ్, సెకనుకు 120 సార్లు మారుతుంది, వేలితో తోస్తే జారిపోయినట్టు కదులుతుంది. బ్యాటరీ 4,500 ఎంఏహెచ్. దూరపు వస్తువును మూడు రెట్లు దగ్గరికి తెచ్చే జూమ్ లెన్సు విడిగా ఉంది. మెమరీ కార్డు పెట్టుకోవచ్చు. 5జీ పడుతుంది. టైప్-సీ చార్జరు, హాస్టల్లో ఏ గదిలో అడిగినా దొరుకుతుంది.

ఐఫోన్ 11 వీటి ముందు బీదగానే కనిపిస్తుంది. 6.1 అంగుళాల ఎల్‌సీడీ తెర, అదీ ఫుల్ హెచ్‌డీ కన్నా తక్కువ. బ్యాటరీ 3,110 ఎంఏహెచ్. జూమ్ లెన్సు లేదు, కార్డు లేదు, 5జీ లేదు. చార్జింగుకి లైట్నింగ్ కేబుల్ కావాలి. 2023లో ఐఫోన్ 15తో ఆపిల్ కూడా టైప్-సీకి మారిపోయింది కాబట్టి ఆ కేబుల్ ఇకమీదట నీ దగ్గర నువ్వే జాగ్రత్తగా ఉంచుకోవాలి.

ఇంతవరకూ చదివి శాంసంగే అనుకుని ఉంటావు. ఇప్పుడు మిగిలిందేమిటో చూద్దాం.

మొదటిది అప్‌డేట్లు. అప్‌డేట్ అంటే చాలామంది కొత్త బొమ్మలు, కొత్త రంగులు అనుకుంటారు. అందులో అసలు విలువైనది భద్రత. ఫోను సాఫ్ట్‌వేరులో ఎప్పటికప్పుడు కన్నాలు బయటపడుతుంటాయి. కంపెనీ వాటిని పూడుస్తూ ఉన్నంతకాలం నీ ఓటీపీలు, ఫోన్‌పే, బ్యాంకు యాప్ ఒక కాపలాలో ఉన్నట్టు లెక్క. ఆ శాంసంగ్ ఆండ్రాయిడ్ 13 దగ్గర ఆగిపోయింది. కంపెనీ మాటిచ్చిన నాలుగేళ్ళ భద్రతా అప్‌డేట్ల గడువూ దాటిపోయింది. యాప్‌లు పనిచేస్తూనే ఉంటాయి, అందుకే వాడేవాడికి తేడా తెలియదు. కొత్తగా పడిన కన్నం మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఐఫోన్ 11 దానికన్నా ఏడాదిన్నర ముందు వచ్చింది. అయినా 2025లో వచ్చిన ఐఓఎస్ 26 దానికి అందింది. ఐఫోన్ 11 కన్నా ఏడాది ముందు వచ్చిన ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్‌లకు అందలేదు, కాబట్టి ఐఓఎస్ 26 అందిన ఐఫోన్లలో అన్నిటికన్నా పాత తరం ఇదే. ఈ వరస ఎప్పటికీ సాగదు, అది గుర్తుపెట్టుకో. అయితే పెద్ద అప్‌డేట్ ఆగిన తర్వాత కూడా ముఖ్యమైన కన్నాలు పూడ్చడం ఆపిల్‌కి అలవాటే. 2015 నాటి ఐఫోన్ 6ఎస్‌కి కూడా 2025 సెప్టెంబరులో ఒక భద్రతా అప్‌డేట్ పంపింది.

రెండోది బ్యాటరీ. లిథియం బ్యాటరీ వాడినా అరుగుతుంది, వాడకుండా మూలన పెట్టినా అరుగుతుంది. ఐఫోన్ 14, అంతకు ముందు వాటిల్లో బ్యాటరీ 500 పూర్తి చార్జింగులకు 80 శాతానికి వస్తుందని ఆపిలే చెబుతుంది. రోజుకొకటి వేసుకుంటే ఏడాదిన్నర లోపే. ఇక్కడ శాంసంగ్‌కి మొగ్గు ఉంది. దాని బ్యాటరీ 80 శాతానికి అరిగినా ఇంకా 3,600 ఎంఏహెచ్ మిగులుతుంది, అది ఐఫోన్‌లో కొత్త బ్యాటరీ కన్నా ఎక్కువ. కాకపోతే ఆ పెద్ద తెర కూడా ఎక్కువే తాగుతుంది. ఏది కొన్నా కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో కలిపే లెక్క వేసుకో.

మూడోది తెర. అమోలెడ్‌లో ప్రతి చుక్కా తనంతట తనే వెలుగుతుంది, అందుకే నలుపు అంత నల్లగా ఉంటుంది. అదే కారణంగా ఎక్కువ వెలిగిన చుక్క ముందు అరుగుతుంది. ఏళ్ళ తరబడి ఒకేచోట ఉన్న కీబోర్డు, కింది బటన్లు నీడలా అచ్చుపడిపోతాయి. ఇంకో జబ్బు ఆకుపచ్చ గీత, పైనుంచి కిందికి నిలువునా వస్తుంది. ఏ కంపెనీ అమోలెడ్ అయినా దానికి కాంబో, అంటే గాజుతో సహా తెర మొత్తం, మార్చడం తప్ప మందు లేదు, ఆ కాంబో ధర పాత ఫోను ధరలో పెద్ద వాటానే తినేస్తుంది. ఐఫోన్ 11 ఎల్‌సీడీకి ఈ రెండు బాధలూ లేవు. అందం తక్కువైనా ముసలితనంలో నిలబడే తెర అది.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. నీకు ఫోనుతో ఉన్నవి మూడు పనులు. గ్రూప్-2 క్లాసులు చూడటం, సెలవులకు ఊరెళ్ళినప్పుడు మిరప తోటలో వీడియోలు తీయడం, డబ్బు కట్టడం, పంపడం.

క్లాసులకు శాంసంగే మేలు. పెద్ద తెర, కార్డులో వీడియోలు దాచుకోవచ్చు, చార్జింగు నిలుస్తుంది. నీకు హాస్టల్లో వైఫై ఉంది కాబట్టి 5జీ లేకపోయినా గడిచిపోతుంది.

వీడియోలకు ఐఫోన్ వైపే నా ఓటు. వెనక రెండు కెమెరాలు, ముందు కెమెరా అన్నీ సెకనుకు 60 ఫ్రేములతో 4కే తీస్తాయి. నడుస్తూ తీసినా బొమ్మ కుదురుగా ఉంటుంది. దూరంగా చెట్టు మీద పిట్టను తీయాలంటే శాంసంగ్ జూమ్ కావాలి గానీ, నువ్వు తీసేది మీ నాన్న సాళ్ళ మధ్య నిలబడి మాట్లాడటం. పూతలో నల్ల తామర పురుగును చూపించాలంటే మాత్రం రెండూ చాలవు, అంత దగ్గరికి ఏదీ ఫోకస్ పట్టదు. దానికి పైన తగిలించే చిన్న మాక్రో లెన్సు విడిగా కొనుక్కో.

డబ్బు దగ్గరికి వస్తే ఇందాక చెప్పిందే. మీ నాన్న మిర్చి యార్డు డబ్బు కూడా నీ ఫోను ద్వారానే అటూ ఇటూ నడుస్తోంది. అలాంటి ఫోనుకి అప్‌డేట్లు ఆగిపోయి ఉండకూడదు. నీ బ్యాంకు పనులు వేరే ఫోనులో ఉండి, ఇది కేవలం క్లాసులకే అయితే శాంసంగే కొనమనేవాణ్ణి. నీకున్నది ఒక్కటే ఫోను. కాబట్టి ఐఫోన్ 11 తీసుకో.

అయితే ఒక షరతు. 128 జీబీది అయితేనే తీసుకో. నువ్వు పంపిన ఫోటోలో అది ఎంతో రాయలేదు. 4కేలో 60 ఫ్రేములతో తీస్తే నిమిషానికి దాదాపు 400 ఎంబీ అవుతుంది, పది నిమిషాలకు 4 జీబీ. 64 జీబీలో సిస్టమ్, వాట్సాప్ పోగా మిగిలేది ఎంత? పైగా కార్డు పెట్టుకునే దారి లేదు. ఫుల్ హెచ్‌డీలో 30 ఫ్రేములతో తీస్తే నిమిషానికి 60 ఎంబీయే. నీ వీడియోలు చూసేవాళ్ళు ఫోనులోనే చూస్తారు, వాళ్ళకు అది చాలు.

కొనేచోట చూసుకోవలసినవి ఇవి. *#06# కొడితే ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. అది బిల్లు మీద, డబ్బా మీద ఉన్నదానితో కలవాలి. కేవైఎం అని ఇంగ్లీషులో టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు వేసి 14422కి మెసేజ్ పెట్టు. దొంగ ఫోను అని బ్లాక్ అయి ఉంటే తెలిసిపోతుంది. బిల్లు లేదంటే అక్కడితో మాట ఆపెయ్.

తర్వాత సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరువు. బ్యాటరీ గానీ తెర గానీ మార్చి ఉంటే అక్కడ రాసి ఉంటుంది. 'అన్‌నోన్ పార్ట్' అని ఉంటే వేసింది కంపెనీది కాకపోవచ్చని అర్థం. బ్యాటరీ హెల్త్ 80 కన్నా తక్కువుంటే కొత్త బ్యాటరీ ధర తగ్గించమను. ఇన్నేళ్ళ ఫోనులో 100 చూపిస్తే సంబరపడకు, బ్యాటరీ మార్చారన్నమాట, ఏది వేశారో అబౌట్‌లోనే చూసుకో. ఈ ఫోనుని కంపెనీ 2022 సెప్టెంబరు దాకా అమ్మింది, కాబట్టి బిల్లు మీద తారీకు చూడు. ఒకే పేరున్న రెండు ఫోన్లకు మూడేళ్ళ తేడా ఉండొచ్చు.

ఫేస్ ఐడీలో నీ ముఖం నువ్వే పెట్టి చూడు. నీళ్ళలో పడినా, తెర మార్చేటప్పుడు చెయ్యి తప్పినా మొదట పోయేది అదే. దాని భాగాలు ఆ ఫోను బోర్డుకే ముడిపడి ఉంటాయి, మా బోటి రిపేరు దుకాణాల్లో మళ్ళీ తేవడం చాలా కష్టం. వాటర్‌ప్రూఫ్ అని అమ్మేవాడు చెబితే నవ్వి ఊరుకో. ఒకసారి విప్పిన ఫోనుకి, గమ్ము ఎండిన ఫోనుకి ఆ మాట చెల్లదు.

అన్నిటికన్నా ముఖ్యం, అమ్మేవాడు తన ఆపిల్ ఐడీ నీ ముందే తీసేసి, ఫోను మొత్తం చెరిపేసి ఇవ్వాలి. తర్వాత ఇంటికెళ్ళి తీస్తాననేవాడి మాట నమ్మకు. ఆ ఐడీ ఉండిపోతే ఫోను నీ జేబులో ఉన్నా నీది కాదు.

ఒకవేళ మీ స్నేహితుడెవరైనా ఆ శాంసంగ్ మీద మనసుపడితే వాడికి ఇంకో మాట చెప్పు. ఎస్20 ఎఫ్ఈ పేరుతో మన దగ్గర మొదట వచ్చింది ఎగ్జినాస్ చిప్పుతో 4జీ ఫోను. 5జీది మోడల్ నంబరు ఎస్ఎం-జీ781బీ అయి ఉండాలి. డయలర్‌లో *#0*# కొడితే పరీక్షల పేజీ వస్తుంది, అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం తెరలు ఒక్కొక్కటీ నింపి చూస్తే మచ్చలు, గీతలు దాగవు.

128 జీబీ ఐఫోన్ దొరక్కపోతే ఆగు, తొందరపడి 64తో సర్దుకోకు. పాత ఫోన్లకు కరువు లేదు, నీ డబ్బుకే ఉంది. ఫోను చేతిలో పట్టుకుని, డబ్బు ఇవ్వకముందు నాకొకసారి వీడియో కాల్ చెయ్యి.

ఇట్లు,
నీ మామయ్య